సి.ఎస్.పి. రోడ్డు – మన అడుగులు
(ఆదివాసీ దినోత్సవ సభలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "మేడమ్, ఈసారి మన సంస్కృతి మీద నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. మన పాటల గురించి, పండగల గురించి, గోడల మీద సవరలు వేసే బొమ్మల గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళ ముందు నేను మాట్లాడటం బాగుండదు. నేను టీచర్ ట్రైనింగ్ చేసి, తర్వాత హాస్టల్ పిల్లల మధ్య బతుకుతున్నదాన్ని. నాకు బాగా తెలిసింది ఒక్కటే, మన రోడ్డు. పిల్లలు సెలవులకు ఇంటికి వెళ్ళేది ఆ రోడ్డు మీదే. తిరిగొచ్చేదీ ఆ రోడ్డు మీదే. బియ్యం, కోడిగుడ్లు వచ్చేది, జ్వరమొస్తే పిల్లని ఎత్తుకుని పరుగెత్తేది దాని మీదే. అందుకని ఈరోజు సి.ఎస్.పి. రోడ్డు గురించి చెబుతాను. రోడ్డుకీ సంస్కృతికీ ఏటి సంబంధం అని కొందరు అనుకోవచ్చు. ఆఖరిదాకా వినండి, సంబంధం ఉందో లేదో మీరే చెప్పండి.

పేరులో ఏముంది?

సి.ఎస్.పి. రోడ్డు అని మనమంతా అంటాం. దుకాణాల బోర్డుల మీద ఉంటుంది, పేపర్లో వస్తుంది. ఆ మూడక్షరాలు ఏమిటని మా పిల్లల్ని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. ఎస్ అంటే శ్రీకాకుళం, పి అంటే పార్వతీపురం. మరి సి? అది కళింగపట్నం. ఇంగ్లీషువాళ్ళు కళింగపట్నాన్ని 'క' కోసం సి అక్షరం పెట్టి రాసుకునేవారు. వాళ్ళు పోయారు, ఆ రాత పోయింది. రోడ్డు పేరులో మాత్రం వాళ్ళ అక్షరం మిగిలిపోయింది.

రెండేళ్ళ కిందట పిల్లల్ని కళింగపట్నం తీసుకెళ్ళాం. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు ఓడలు లేవు, లైట్‌హౌస్ ఉంది, బీచ్ ఉంది, సెలవు రోజున జనం ఉంటారు. మా పిల్లల్లో చాలామంది సముద్రం చూడటం అదే మొదలు. అందరూ నీళ్ళ వైపు పరిగెత్తారు. ఏడో తరగతి పిల్ల ఒకర్తి వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసి, "మేడమ్, రోడ్డు ఇక్కడ అయిపోయిందా?" అని అడిగింది. "లేదమ్మా, ఇక్కడే మొదలైంది" అన్నాను. ఆ మాట అన్న తర్వాత నాకే ఆలోచన వచ్చింది. మనకి అది అయిపోయే చోటు. రోడ్డు వేసినవాళ్ళకి మొదలయ్యే చోటు. వాళ్ళు సముద్రం నుంచి కొండ వైపు చూశారు. మనం కొండ నుంచి సముద్రం వైపు దిగాం. రోడ్డు ఒకటే, చూపులు రెండు.

రోడ్డు వెళ్ళే దారి

పిల్లల కోసం దారి ఒకసారి చెబుతాను. పటం లేకుండా మనసులో గీసుకోండి.

కళింగపట్నంలో బయల్దేరితే గార మండలం. పక్కనే వంశధార ఒడ్డున శాలిహుండం కొండ, దాని మీద బౌద్ధుల స్తూపాలు. అక్కడి నుంచి శ్రీకాకుళం. పట్నంలో కోల్‌కతా నుంచి చెన్నై వెళ్ళే పెద్ద జాతీయ రహదారి అడ్డం వస్తుంది. దాన్ని దాటి ఆమదాలవలస. అక్కడున్న రైల్వే స్టేషన్ పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్. పట్నానికి స్టేషన్ లేదు, పట్నానికి వెళ్ళే రోడ్డుకి స్టేషన్ ఉంది. ఆ తర్వాత బూర్జ మండలం మీదుగా పాలకొండ, కోటదుర్గమ్మ తల్లి ఊరు. అక్కడ కుడి చేతి దారి పట్టుకుంటే సీతంపేట, మన సవరల, జాతాపుల కొండలు. తిన్నగా పోతే వీరఘట్టం. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన ఊరది. ఆయన పేరు పెట్టిన స్టేడియం శ్రీకాకుళంలో ఉంది. పుట్టిన ఊరు, పేరు నిలిచిన ఊరు రెండూ ఈ రోడ్డు మీదే ఉన్నాయి. వీరఘట్టం దాటాక జియ్యమ్మవలస మండలం, చినమేరంగి, అక్కడి నుంచి తోటపల్లి. తోటపల్లి దగ్గర నాగావళి దాటితే పార్వతీపురం.

మొత్తం వంద కిలోమీటర్లు దాటుతుంది. ఈ దారిలో గమనించాల్సింది ఒకటుంది. శ్రీకాకుళం నుంచి పైకి వెళ్తుంటే చాలా దూరం నాగావళి మన ఎడమ చేతి వైపే, కాస్త దూరంగా, ఉంటుంది. కుడి చేతి వైపు కొండలు క్రమంగా దగ్గరకొస్తాయి. అంటే ఏరుకీ కొండకీ మధ్య పల్లపు భూమిని చూసుకుని వేసిన రోడ్డు ఇది. చిన్న గెడ్డలు ఎన్ని దాటినా పెద్ద ఏరుని దాటేది పై భాగంలో ఒకేచోట. రోడ్డు కొండెక్కదు. కొండ పాదాల పక్క నుంచి పోతుంది. కొండ మీదున్నవాళ్ళే దిగి దాని దగ్గరకు రావాలి. మన కథంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఊళ్ళ పేర్లు కూడా గమనించండి. ఆమదాలవలస, జియ్యమ్మవలస. వలస అన్న మాట పేరులోనే ఉంది. ఎక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళు. అలాంటి పేర్లు ఈ రోడ్డు చుట్టూ ఎన్నో. పేటలు, పురాలు కూడా పల్లంలోనే ఎక్కువ. కొండ మొదలైన చోట గూడలు మొదలవుతాయి. బోర్డుల మీద పేర్లు చదువుకుంటూ పోతే ఎక్కడి నుంచి మన నేల మొదలైందో తెలిసిపోతుంది.

కిందికి పోయినవి, పైకి వచ్చినవి

ఇక చరిత్ర. శ్రీకాకుళం నవాబుల కాలంలో ఒక సర్కారుకి ముఖ్య పట్నం. చికాకోల్ సర్కారు అనేవారు. 1765లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి దక్కాయి. కంపెనీకి కావలసింది శిస్తు. శిస్తు కోసం పాలకొండ, మేరంగి, కురుపాం లాంటి జమీందారీల మీద ఒత్తిడి పెట్టింది. పాలకొండలో తిరుగుబాటు వచ్చింది. అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే దొరని ప్రత్యేక కమిషనర్‌గా పంపింది. 1832–33 నాటి సంగతి. పాలకొండ జమీందారీని ప్రభుత్వం లాగేసుకుంది.

ఆ రస్సెల్ దొర సిఫారసు మీదే 1839లో ఒక చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లోని కొండ ప్రాంతాలకి మామూలు కోర్టులు, మామూలు చట్టాలు వర్తించవు, గవర్నర్ ఏజెంటు పాలనలో ఉంటాయని. ఏజెంటు పాలించేది కాబట్టి ఏజెన్సీ అయింది. ఈరోజు మనం ఏజెన్సీ, ఏజెన్సీ అంటున్నామే, ఆ మాట పుట్టుక అదే. కింద ఒక చట్టం, పైన ఒక చట్టం. కొండ పాదం దగ్గర కంటికి కనిపించని గీత పడింది.

పాలకొండని తర్వాత మద్రాసు వ్యాపార సంస్థ ఆర్బత్నాట్ కంపెనీ కౌలుకి తీసుకుంది. ఊళ్ళకి ఊళ్ళు ఒక కంపెనీ చేతిలో. ఆ కంపెనీ 1906లో దివాలా తీసింది. మద్రాసులో ఎంతోమంది డబ్బు పోయింది. ఆ దెబ్బతోనే మనవాళ్ళ బ్యాంకు మనకుండాలని 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టారు. చూడండి, పాలకొండ రైతు కట్టిన శిస్తు ఎక్కడిదాకా వెళ్ళిందో!

రైలు వచ్చేదాకా ఈ ప్రాంతం సరుకు బళ్ళ మీద రేవులకి దిగేది. 1890లలో సముద్రం పక్క నుంచి రైలు మార్గం వచ్చింది. ఆ తర్వాత విజయనగరం నుంచి పార్వతీపురానికి మరో రైలు మార్గం వచ్చింది, 1931కల్లా అది రాయపూర్ దాకా కలిసింది. రైలు వచ్చాక కళింగపట్నం రేవు పని తగ్గిపోయింది. ఓడలు ఆగిపోయాయి. రోడ్డుకి మొదలైన చోటే దాని అవసరం తీరిపోయింది. కానీ మధ్యలో ఉన్న మనకి అవసరం తీరలేదు.

కొండ నుంచి ఏం దిగేవి? చింతపండు, కొండచీపుర్లు, పసుపు, జీలుగు బెల్లం, అడ్డాకులు, కందులు. తర్వాత కాలంలో అనాస, జీడి. పైకి ఏమొచ్చేవి? ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు, ఎండు చేపలు. మా అమ్మ సముద్రం చూడకుండానే పోయింది. కానీ సంతలో కొన్న ఎండు చేపలు ప్రతి వారం వండింది. సముద్రం ఆవిడ దగ్గరికి వచ్చింది, ఆవిడ మాత్రం సముద్రం దగ్గరికి వెళ్ళలేదు.

చింతపండుకి మూడు ధరలుండేవి. ఇంటి గుమ్మంలో ఒకటి, రోడ్డు పక్కన ఒకటి, పాలకొండలో ఒకటి. ఇంట్లో అమ్మితే షావుకారు చెప్పిందే ధర, అతను తెచ్చిన కుంచమే కొలత. కావిడి భుజాన వేసుకుని రోడ్డు దాకా మోస్తే నాలుగు డబ్బులు ఎక్కువ. అప్పు ఉన్నవాడికి ఆ నాలుగు డబ్బులూ లేవు, ఎందుకంటే పంట చేతికి రాకముందే షావుకారుది. ఉప్పు బస్తా అప్పు కింద పొలం పోయిన కథలు మన ఇళ్ళల్లో ఎన్ని లేవు? 1956లో గిరిజన సహకార సంస్థ, మనమనే జి.సి.సి., పెట్టింది ఈ దోపిడీని ఆపడానికే. కొంత ఆగింది. అంతా ఆగలేదు.

అంతా ఆగలేదు కాబట్టే గిరిజన సంఘం పుట్టింది. అందులో ముందు నిలబడిన వెంపటాపు సత్యనారాయణ ఒక బడిపంతులు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ తర్వాత శ్రీకాకుళం పోరాటం, పోలీసు క్యాంపులు, 1970 జులైలో సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం చనిపోవడం, పార్వతీపురం కుట్ర కేసు ఇవన్నీ మన పెద్దలకి తెలుసు. ఎవరి రాజకీయం వారిది, దాని జోలికి నేను పోను. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ ఇద్దరూ సభకి నడిచి వెళ్తున్నారు. దారిలో చనిపోయారు. మన చరిత్రలో పెద్ద సంగతి ఒకటి నడిచే దారి మీద జరిగింది.

ఆ పోరాటం వేడిలోనే 1970లో భూమి బదలాయింపు చట్టాన్ని గట్టిపరిచారు. 1959 నాటి చట్టానికి అది సవరణ. వన్ ఆఫ్ సెవెంటీ అని మనం నోటికి నేర్చుకున్నది అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. కానీ ఇక్కడొక చిక్కు ఉంది, యువకులు బాగా వినాలి. ఈ రోడ్డు దగ్గర్లో, కొండ పాదాల దగ్గర, మనవాళ్ళుండే ఊళ్ళు చాలా నాన్ షెడ్యూల్డ్ ఊళ్ళు. మనిషి గిరిజనుడే, ఊరు మాత్రం షెడ్యూల్‌లో లేదు. అక్కడ ఈ చట్టం వర్తించదు. రోడ్డు బాగుపడితే భూమి ధర పెరుగుతుంది. ధర పెరిగితే ముందు పోయేది రోడ్డు పక్క చెక్కే. రోడ్డు బాగుచేయండి అని అడిగే ముందు ఆ ఊళ్ళని షెడ్యూల్‌లో చేర్చండి అని కూడా అడగాలి. రెండూ కలిపి అడగకపోతే, రోడ్డు వచ్చేసరికి దాని పక్కన మనం ఉండం.

నా రోడ్డు

ఇప్పుడు నా సంగతి. మాది జాతాపు కుటుంబం. మా ఊరి నుంచి బస్సు ఆగే చోటుకి నడక. ఎన్ని కిలోమీటర్లని అప్పుడు తెలీదు. రెండు గెడ్డలు, ఒక మామిడి తోపు, ఒక దేవుడి రాయి అని లెక్క. ఐదో తరగతి అయ్యాక హాస్టల్‌లో చేర్చడానికి మా అయ్య నన్ను తీసుకెళ్ళాడు. రేకు పెట్టె ఆయన నెత్తి మీద, చెప్పులు నా చేతిలో. గెడ్డ దాటాక తొడుక్కోమన్నాడు.

బస్సులో మా అయ్యతో నేను మా మాటలో ఏదో అడిగాను. పక్క సీట్లో ఉన్న ఒక పెద్దమనిషి నవ్వి, "ఏటి గుంటా, కొండ భాషా? తెలుగు రాదేటి?" అన్నాడు. ఆయనకి చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. మా అయ్య కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పాలకొండ వచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బస్సులో మా మాట మాట్లాడలేదు.

ఇది చెప్పి జాలి పొందాలని కాదు. నేను చేసిన తప్పు చెప్పడానికి. వార్డెన్ ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల్ని ఆటల పోటీలకి బస్సులో తీసుకెళ్తూ, "బస్సులో అందరూ తెలుగులోనే మాట్లాడండి, చక్కగా ఉండాలి" అని నేనే చెప్పాను. సవర పిల్లలు దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. బస్సు దిగాక గలగలమని మొదలుపెట్టారు. అప్పుడు తెలిసింది, ఆ పెద్దమనిషి నాతో అన్న మాటనే నేను వీళ్ళతో అన్నానని.

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారిది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేట. పర్లాకిమిడిలో ఉద్యోగం. ఆయన సవరల్ని ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, వాళ్ళ దగ్గర భాష నేర్చుకున్నారు. వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. నిఘంటువు చేశారు, 1938లో వచ్చింది. అంతటి పండితుడు నేర్చుకోవాలనుకున్న భాషని మన పిల్లలు బస్సులో మాట్లాడటానికి సిగ్గుపడాలా? ఇప్పుడు మా హాస్టల్ నుంచి బస్సు ఎక్కితే ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకోవచ్చు. ఎవరైనా నవ్వితే, "మీకూ నేర్పమంటారా అండీ?" అని అడగమని చెప్పాను. ఒకసారి ఒక పిల్ల నిజంగానే అడిగేసింది. అడిగించుకున్నావిడ దిగేలోపు రెండు మాటలు నేర్చుకుంది.

రోడ్డెక్కితే వచ్చేసినట్టే

కొన్నేళ్ళ కిందట వానాకాలం. రాత్రి పదకొండు గంటలకి ఒక పిల్లకి చలిజ్వరం, ఒళ్ళు కాలిపోతోంది. ఆటో పిలిపించి ఆసుపత్రికి బయల్దేరాం. రోడ్డంతా గుంతలు, గుంతల నిండా నీళ్ళు. గుంత వచ్చినప్పుడల్లా పిల్ల నా ఒళ్ళో మూలిగేది. నేను గుంతలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, భయాన్ని ఆపుకోవడానికి. కొంతదూరం పోయాక లెక్క తప్పింది. ఆ రాత్రి ఆ రోడ్డుని తిట్టినంత నా జీవితంలో ఎవర్నీ తిట్టలేదు. మలేరియా అన్నారు. మందులు పడ్డాక తెల్లవారేసరికి తగ్గుముఖం పట్టింది.

తండ్రికి కబురు ఎలాగో అందింది. పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేశాడు. మోకాళ్ళ దాకా బురద. రాత్రంతా నడిచాడు. "రోడ్డు బాగా పాడైపోయింది, మీకు కష్టమైంది కదా బాబూ" అన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. "రోడ్డెక్కినానంటే వచ్చీసినట్టే గదా తల్లీ. రోడ్డు కాడికి రావడమే గదా కష్టం" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను గుంతల రోడ్డుని తిట్టుకున్నాను. ఆయనకి ఆ గుంతల రోడ్డే గట్టు. నాకు కష్టం మొదలైన చోట ఆయనకి కష్టం అయిపోయింది. రోడ్డు చరిత్ర అంటే ఎప్పుడు వేశారు, ఎంత వెడల్పు చేశారు అని రాస్తారు. మన చరిత్ర అది కాదు. మన చరిత్ర ఇంటి దగ్గర నుంచి రోడ్డు దాకా ఉన్న దూరం. డోలీలో మోసుకొచ్చిన బాలింతల్ని, గెడ్డ పొంగితే ఇవతలి ఒడ్డునే ఆగిపోయిన శవాల్ని, పరీక్ష తప్పిపోయిన పిల్లల్ని లెక్కపెట్టేది ఆ దూరంతోనే. నెలలు నిండక ముందే గర్భిణుల్ని కొండ దింపి ఉంచడానికి సాలూరులో వసతి గృహం పెట్టారంటే కారణం ఆ దూరమే. మంచి పనే అది, కాదనను. కానీ దాని అర్థం ఏమిటి? రోడ్డు తల్లి దగ్గరికి రాలేదు కాబట్టి తల్లే రోడ్డు దగ్గరికి రావాలి అని.

దిక్కు మారిన రోడ్డు

1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లాని విడదీసి శ్రీకాకుళం జిల్లా చేశారు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టింది, పార్వతీపురం అటు వెళ్ళింది. ఒకే రోడ్డు రెండు జిల్లాలైంది. వీరఘట్టం దాటాక జిల్లా మారేది, రెండు ఐ.టి.డి.ఏ.లు, సీతంపేట ఒకటి, పార్వతీపురం ఒకటి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని ఆ జిల్లాలోకి వచ్చాయి.

దీనివల్ల ఒక వింత జరిగింది. తరతరాలుగా కలెక్టరు గారి దగ్గర అర్జీ ఇవ్వాలంటే పాలకొండ నుంచి రోడ్డు మీద కిందికి, శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు అదే రోడ్డు మీద పైకి, పార్వతీపురం వెళ్తున్నాం. రోడ్డు దిక్కు మారింది. మన పేరుతో, మన్యం పేరుతో జిల్లా వచ్చింది. సంతోషమే. ఇప్పటికీ కొందరు ముసలివాళ్ళు అలవాటుగా శ్రీకాకుళం బస్సు ఎక్కేస్తారు. అలవాటు మారడానికి టైము పడుతుంది. కానీ జిల్లా కేంద్రం మన వైపుకి జరిగినంత మాత్రాన ఆ తండ్రి చెప్పిన దూరం తగ్గిందా? ఆ లెక్క మనమే తీయాలి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం. మా పిల్లల తల్లులు ఇప్పుడు నెలలో రెండుసార్లు వచ్చి చూసిపోతున్నారు. చాలా మంచి జరిగింది. కానీ ఉచితం అయ్యేది బస్సు ఎక్కాకే. ఇక పార్వతీపురం, గరుగుబిల్లి, జియ్యమ్మవలస వైపు ఒడిశా నుంచి వచ్చిన ఏనుగుల గుంపు తిరుగుతోంది. సాయంత్రం ఏనుగులు రోడ్డు మీదకి వస్తే బళ్ళు ఆగిపోతాయి. పాపం, వాటికీ మనలాగే అడవికీ ఏరుకీ మధ్య ఈ రోడ్డు దాటక తప్పడం లేదు.

ఒక పని

ట్రైనింగ్‌లో మాకొక సూత్రం చెప్పారు. తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్ళాలని. దాన్ని పట్టుకుని పోయినేడు ఆరో తరగతి పిల్లలకి ఒక పని ఇచ్చాను. మీ ఇంటి నుంచి హాస్టల్ దాకా దారి గీయండి అని. అందరూ గీశారు. ఏ కాగితం చూసినా రోడ్డు ఒక మూలన సన్నటి గీత. మిగతా కాగితమంతా గెడ్డలు, పనసచెట్టు, జన్నోడు పూజ చేసే చోటు, ఎలుగుబంటి కనిపించిన రాయి, అమ్మ వెనక్కి తిరిగిపోయే మలుపు. ప్రతి చోటికీ వాళ్ళ భాషలో పేరుంది. ఆ పేర్లు ఏ సర్కారు పటంలోనూ నేను చూడలేదు. ఆ కాగితాలు నా బీరువాలో జాగ్రత్తగా దాచాను.

నేను సంఘానికి చేసే మనవి ఇదే. మనమంతా ఇలాంటి పని ఒకటి చేద్దాం. ప్రతి గూడలో చదువుకున్న యువకుడో, యువతో ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీ ఊరి నుంచి బస్సు ఆగే చోటుకి ఎంత దూరమో నడిచి కొలవండి. ఎన్ని గెడ్డలు, వానాకాలం ఎన్ని రోజులు దాటలేరు, డోలీ మోయాల్సి వచ్చింది ఎన్నిసార్లు, రాయండి. మీ ఊరు షెడ్యూల్‌లో ఉందో లేదో కనుక్కుని రాయండి. దారిలో చోట్ల పేర్లు మన భాషలో ఏమిటో పెద్దల్ని అడిగి రాయండి. ఆ పెద్దలు వెళ్ళిపోతే ఆ పేర్లు కూడా వెళ్ళిపోతాయి. ఒక పుస్తకంగా వేద్దాం. అర్జీ పెట్టినప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్దాం. అది అర్జీకీ పనికొస్తుంది, చరిత్రకీ పనికొస్తుంది. సంస్కృతి అంటే ఏడాదికోసారి వేదిక మీద ఆడేది మాత్రమే కాదు. మన నేల మీద మనం పెట్టుకున్న పేర్లు, మనం వేసిన అడుగులు, అవన్నీ కలిస్తేనే సంస్కృతి.

కళింగపట్నం, శ్రీకాకుళం, పార్వతీపురం. రోడ్డు పేరులో మూడు ఊళ్ళున్నాయి. మన గూడల పేరు ఒక్కటీ లేదు. పేరు మార్చమని నేను అడగడం లేదు. కావిళ్ళు మోసి, డోలీలు మోసి, రేకు పెట్టెలు మోసి ఆ రోడ్డు దాకా దారి వేసింది మనవాళ్ళు. ఆ దారి చరిత్ర ఇంకొకరు వచ్చి రాయరు. ఆరో తరగతి పిల్లలు మొదలుపెట్టారు. మిగతాది మనం పూర్తి చేద్దాం.

 చీకటి పడకముందే పిల్లల్ని హాస్టల్‌కి చేర్చాలి, బస్సు టైమైంది. సెలవు. జై ఆదివాసీ.